ఖాళీగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకు వేడి ఎక్కడిది?

ఆట ఏదీ నడవడం లేదు, వీడియో కూడా లేదు. తెర మీద ఉన్నది డెస్క్‌టాప్ బొమ్మ ఒక్కటే. అయినా టాస్క్ మేనేజర్ తెరిస్తే గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రత 58 డిగ్రీలు కనిపిస్తుంది. కార్డు కొని ఏడెనిమిదేళ్లయింది కాబట్టి మొదటి అనుమానం చిప్‌కూ దాన్ని చల్లబరిచే లోహపు దిమ్మెకూ (హీట్‌సింక్) మధ్య పూసే థర్మల్ పేస్ట్ మీదికి పోతుంది. ఎవరిని అడిగినా అదే మాట చెబుతారు: పేస్ట్ ఎండిపోయింది, మార్చండి. స్క్రూలు విప్పి, పాత పేస్ట్ తుడిచి, కొత్తది పూసి, అంతా బిగించి చూస్తే 58 కాస్తా 56 అవుతుంది. డబ్బూ శ్రమా పోయాయి, వేడి మాత్రం ఉన్నచోటే ఉంది.

పాత కార్డుకు పేస్ట్ మార్చడం తప్పేమీ కాదు. కాకపోతే ఖాళీగా ఉన్నప్పటి వేడికి పేస్ట్ కారణం కావడం అరుదు. చిన్న లెక్క వేస్తే ఈ సంగతి తేలిపోతుంది. 2016 జూలైలో వచ్చిన ఎన్‌విడియా జీటీఎక్స్ 1060 కార్డునే తీసుకుందాం. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో పనిచేస్తున్న కార్డు అది. ఆట నడిచేటప్పుడు అది 120 వాట్ల వరకు తీసుకుంటుంది. నిజంగా ఖాళీగా ఉన్నప్పుడు పది వాట్లు కూడా తీసుకోదు. చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉన్న పేస్ట్ గట్టిపడి, ప్రతి వాటుకూ అదనంగా పావు డిగ్రీ వేడి నిలబడిపోతోందని అనుకుందాం. 120 వాట్ల దగ్గర ఆ నష్టం 30 డిగ్రీలు. అది పెద్ద జబ్బే. 8 వాట్ల దగ్గర అదే నష్టం 2 డిగ్రీలు. అంటే చెడిన పేస్ట్ బయటపడేది బరువు మోసేటప్పుడే, ఊరికే కూర్చున్నప్పుడు కాదు. ఖాళీగా 42 డిగ్రీలు ఉండి, ఆట మొదలైన నిమిషంలోనే 83కు చేరే కార్డులో పేస్ట్‌ను అనుమానించవచ్చు. ఖాళీగా 58 ఉండి, గంటసేపు ఆడినా 70 దాటని కార్డులో పేస్ట్ నిర్దోషి.

ఉష్ణోగ్రత అనేది చివరికి కనిపించే ఫలితం మాత్రమే. దాని వెనుక మూడు సంగతులు ఉంటాయి. కార్డు ఎన్ని వాట్లు తాగుతోంది, ఆ వేడిని గాలి ఎంత బాగా మోసుకుపోతోంది, ఆ గాలే ఎంత వేడిగా ఉంది. స్క్రూడ్రైవర్ చేతికి తీసుకునే ముందు ఈ మూడింటినీ విడివిడిగా చూడాలి. చాలామంది చూడనిది మొదటిదాన్నే.

మూడో సంగతి సులువైనది కాబట్టి ముందు దాన్ని ముగిద్దాం. కార్డు చుట్టూ ఉన్న గాలి కంటే కార్డు ఎప్పుడూ చల్లగా ఉండలేదు. కార్డుల సమీక్షల్లో కనిపించే 33, 35 డిగ్రీల అంకెలు సాధారణంగా ఇరవై నుంచి పాతిక డిగ్రీల గదుల్లో కొలిచినవి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 37, 38 డిగ్రీలుంటుంది. కంప్యూటర్ పెట్టె (కేబినెట్) లోపల మరో మూడు నాలుగు డిగ్రీలు కలుస్తాయి. అక్కడ కార్డు 50 చూపిస్తే దానికి జబ్బేమీ లేదు. డల్లాస్‌లో ఏసీ గదిలో అదే కార్డు 50 చూపిస్తే మాత్రం ఆరా తీయాలి. అందుకే గోడకు ఒక చవక థర్మామీటర్ పెట్టుకుని, కార్డు అంకెలోంచి గది అంకెను తీసేసి, మిగిలిన తేడాను మాత్రమే రాసుకోవాలి. జనవరి లెక్కనూ మే లెక్కనూ పోల్చగలిగేది ఆ తేడాతోనే.

గాలి వేడిని మోసుకుపోయే విషయంలో చాలామందిని కంగారు పెట్టేది తిరగని ఫ్యాన్. 2014 తర్వాత వచ్చిన ఎన్నో కార్డుల్లో ఫ్యాన్లు ఒక హద్దు దాటేదాకా అసలు తిరగవు. చప్పుడు ఉండకూడదని తయారీదారులు కావాలనే అలా పెట్టారు. మోడల్‌ను బట్టి ఆ హద్దు 50 నుంచి 60 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. ఫ్యాన్ ఆగి ఉన్నప్పుడు హీట్‌సింక్ తన వేడిని నిలువుగా లేచే గాలికి మాత్రమే ఇవ్వగలదు. వాటుకు రెండు డిగ్రీలు చొప్పున వేసుకున్నా, 8 వాట్లకు 16 డిగ్రీలు. కేబినెట్ లోపల 40 ఉంటే కార్డు 56. ఇది ఆ డిజైన్ ప్రకారం జరగాల్సిన పనే. అదే కార్డు 30 వాట్లు తాగుతుంటే కథ మారుతుంది. కాసేపటికి 60 దాటుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, 50కి దిగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఎవరూ ఏమీ చేయకుండానే కొన్ని నిమిషాలకోసారి ఫ్యాన్ లేచి పడుకుంటున్న చప్పుడు వినిపిస్తే, అది ఫ్యాన్ తప్పు కాదు. కార్డు నిద్రపోవడం లేదని అర్థం.

ఇక మొదటి సంగతి, వాట్ల దగ్గరికి వద్దాం. అసలు కథంతా ఇక్కడే ఉంది.

ఎన్‌విడియా డ్రైవర్‌తో, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌తో పాటు ఎన్‌విడియా ఎస్‌ఎంఐ అనే చిన్న సాధనం కూడా కంప్యూటర్‌లోకి వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు (nvidia-smi) కొడితే ఒక పట్టిక వస్తుంది. కార్డు వరుసలో ఎడమ నుంచి చూసుకుంటూ పోతే ఫ్యాన్ శాతం, ఉష్ణోగ్రత, ఆ తర్వాత పీ అక్షరంతో ఒక అంకె, దాని పక్కన వాట్లు ఉంటాయి. చూడాల్సింది ఆ పీ పక్క అంకెను. పీ0 అంటే పూర్తి జోరు, పీ8 అంటే విశ్రాంతి. ఆరోగ్యంగా ఉన్న జీటీఎక్స్ 1060 ఖాళీగా ఉన్నప్పుడు పీ8లో ఉంటుంది. లెక్కలు చేసే కోర్ వేగం 139 మెగాహెర్ట్జ్‌కు, మెమరీ వేగం 405కు దిగుతాయి. పూర్తి జోరులో ఆ మెమరీయే 4004 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంటే దాదాపు పది రెట్లు. ఏఎమ్‌డీ వారి ఆర్‌ఎక్స్ 580లోనూ ఇలాంటి మెట్లే ఉన్నాయి. ఖాళీగా కోర్, మెమరీ రెండూ 300 మెగాహెర్ట్జ్, పనిలో మెమరీ 2000. డెస్క్‌టాప్ బొమ్మ తప్ప ఏమీ లేని వేళ ఈ అంకెలు కింది మెట్టు మీద లేకపోతే, వేడికి కారణం దొరికినట్లే. చిప్‌లో ఖర్చయ్యే కరెంటు క్లాక్‌తో (అంటే ఆ మెగాహెర్ట్జ్ వేగంతో) పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. పై మెట్టు మీద ఈ రెండూ ఎక్కువే. అక్కడ చిక్కుకుపోయిన కార్డు ఏ పనీ చేయకుండానే 20, 30 వాట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తాగుతుంది.

కార్డును పై మెట్టు మీద పట్టి ఉంచేది ఎవరు? అన్నింటికన్నా ఎక్కువసార్లు దొరికే దొంగ మానిటరే.

మెమరీ వేగాన్ని మార్చడం అంటే స్విచ్ నొక్కినంత తేలిక కాదు. క్లాక్ మారేటప్పుడు మెమరీతో సంభాషణ ఒక్క క్షణం ఆగాలి, కొత్త వేగానికి రెండు వైపులా సర్దుకోవాలి, ఆ తర్వాతే మళ్లీ రాకపోకలు సాగుతాయి. కానీ మానిటర్‌కు పంపాల్సిన బొమ్మ ఉన్నది ఆ మెమరీలోనే. బొమ్మ గీస్తుండగా మెమరీ ఆగితే తెర మీద మెరుపు, గీతలు కనిపిస్తాయి. కాబట్టి ఒక బొమ్మ గీయడం ముగిసి మరో బొమ్మ మొదలయ్యే మధ్య విరామంలోనే ఆ మార్పు జరిగిపోవాలి. ఆ విరామం ఎంతో చూద్దాం. మామూలు 1080 వరుసల మానిటర్ 60 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 60 బొమ్మలు చూపిస్తూ పనిచేసేటప్పుడు ఒక్కో బొమ్మకు లెక్కలో 1125 వరుసలుంటాయి. అందులో 45 వరుసలు కంటికి కనిపించనివి. ఒక బొమ్మకు పట్టే సమయం 16.67 మిల్లీసెకన్లు. అందులో ఆ 45 వరుసల వాటా 0.67 మిల్లీసెకన్లు. మెమరీ మారడానికి ఈ వ్యవధి సరిపోతుంది. సెకనుకు చూపే బొమ్మల సంఖ్యను (రిఫ్రెష్ రేటు) 144 హెర్ట్జ్‌కు పెంచితే ఒక బొమ్మ సమయం 6.94 మిల్లీసెకన్లకు తగ్గుతుంది. మానిటర్ అవే 45 వరుసలు ఉంచితే విరామం 0.28 మిల్లీసెకన్లే. పాత కార్డుకు ఆ కొద్ది వ్యవధి చాలదు. తెర మెరవకుండా ఉండాలని డ్రైవర్ మెమరీని పై మెట్టు మీదే ఉంచేస్తుంది.

రెండు మానిటర్లుంటే చిక్కు మరో రకం. ఒకటి 144, మరొకటి 60 హెర్ట్జ్ అయితే రెండింటి విరామాలూ ఒకే క్షణంలో కలవవు. ఒకటి ఆగినప్పుడు రెండోది గీస్తూ ఉంటుంది. మెమరీకి సందు దొరకదు. ఇది కొత్త జబ్బు కాదు. 2010లో వచ్చిన జీటీఎక్స్ 480 రెండు మానిటర్లు తగిలించగానే ఊరికే ఉన్నప్పుడు కూడా విపరీతంగా వేడెక్కేది. 2022 డిసెంబరులో వచ్చిన ఆర్‌ఎక్స్ 7900 ఎక్స్‌టీఎక్స్‌లోనూ ఇలాంటి పరిస్థితుల్లో కరెంటు ఎక్కువగా తాగుతోందని ఏఎమ్‌డీ ఒప్పుకుని, డ్రైవర్లలో దిద్దుబాట్లు చేయాల్సి వచ్చింది. పన్నెండేళ్ల తేడా ఉన్న, రెండు కంపెనీల కార్డుల్లో ఒకే లక్షణం కనిపించిందంటే, ఇది ఎవరో ఒకరి అజాగ్రత్త కాదు, మెమరీకీ తెరకూ మధ్య ఉన్న సహజమైన ముడి.

దీన్ని పరీక్షించడానికి ఖర్చేమీ లేదు. రెండో మానిటర్ తీగ పీకేసి రెండు నిమిషాలు ఆగాలి. పీ అంకె 8కి మారి, వాట్లు పడిపోతే దొంగ దొరికాడు. ఒకే మానిటర్ ఉంటే రిఫ్రెష్ రేటును 144 నుంచి 120కి తగ్గించి చూడాలి. చాలా పాత కార్డులు 120 దగ్గర హాయిగా నిద్రపోతాయి. 120కీ 144కీ తేడా చదువుకునేటప్పుడు, రాసుకునేటప్పుడు కంటికి ఆనదు. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉన్న కంప్యూటర్ అయితే రెండో మానిటర్ తీగను కార్డు నుంచి తీసి మదర్‌బోర్డు వెనుక ఉన్న సాకెట్‌కు తగిలించవచ్చు. అన్నింటిలోకీ శుభ్రమైన పరిష్కారం ఇదే. కస్టమ్ రిజల్యూషన్ యుటిలిటీ అనే ఉచిత సాధనంతో కనిపించని వరుసల సంఖ్యను పెంచి, విరామాన్ని సాగదీసే పద్ధతి కూడా ఉంది. అది పనిచేస్తుంది కానీ, అంకె తప్పితే తెర నల్లబడుతుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వెనక్కి మార్చుకోవడం తెలిసినవారికే అది తగిన పని.

మానిటర్ నిర్దోషి అని తేలితే, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్‌ను చూడాలి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ మేనేజ్‌మెంట్ మోడ్ అనే వరుస ఉంటుంది. ఎప్పుడో ఆట సాఫీగా నడవాలని దాన్ని గరిష్ఠ పనితీరుకు మార్చి మరిచిపోయినవారు ఎందరో. అది అన్ని ప్రోగ్రాములకూ వర్తించేలా పెట్టి ఉంటే కార్డు డెస్క్‌టాప్ మీద కూడా కిందికి దిగదు. దాన్ని మామూలు స్థితికి తెచ్చి, కావాలంటే ఆ ఒక్క ఆటకు మాత్రమే పెట్టుకోవాలి. కదిలే వాల్‌పేపర్లు, ఆటను వెనుక నుంచి ఎప్పుడూ రికార్డు చేస్తూ ఉండే సౌకర్యం, తెరిచి వదిలేసిన బ్రౌజర్‌లో ఏదో ఒక మూల ఆడుతున్న వీడియో ప్రకటన, ఇవన్నీ కార్డును మేలుకొలిపేవే. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్ వాడకం) అనే నిలువు వరుస మీద నొక్కి, ఎక్కువ వాడుతున్నది పైకి వచ్చేలా పెడితే అవి బయటపడతాయి. ఉష్ణోగ్రత చూపించే ప్రోగ్రాములు నాలుగైదు ఒకేసారి నడపడం కూడా మంచిది కాదు. సెకనుకోసారి వచ్చి తలుపు తడుతుంటే ఎవరికైనా నిద్ర పట్టదు.

ఇక్కడ ఒక విచిత్రమైన లక్షణాన్ని గుర్తుపెట్టుకోవాలి. టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాన్ చప్పుడు తగ్గి, మూసిన కాసేపటికి మళ్లీ పెరుగుతుంటే, దొంగచాటుగా క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రామ్ ఏదో కంప్యూటర్‌లో దూరి ఉండవచ్చు. అలాంటి కొన్ని ప్రోగ్రాములు టాస్క్ మేనేజర్ కనిపించగానే పని ఆపేసి నక్కుతాయి. అప్పుడు పేస్ట్ సంగతి పక్కనపెట్టి, ముందు యాంటీవైరస్ నడిపి, బ్యాంకు పాస్‌వర్డులు మరో శుభ్రమైన పరికరం నుంచి మార్చుకోవాలి.

లినక్స్ వాడేవారికి మరో కోణం ఉంది. నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్ జీటీఎక్స్ 900, 1000 తరం కార్డుల క్లాక్‌ను మార్చలేదు. అందుకు కావలసిన, కంపెనీ సంతకం ఉన్న ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రామ్) దానికి అందుబాటులో లేదు. కార్డు ఏ వేగంతో మొదలైందో ఆ వేగంతోనే ఉండిపోతుంది. కంపెనీ సొంత డ్రైవర్ వేసుకోగానే విశ్రాంతి మెట్టుకు దిగుతుంది. ఆ తరాలకు మామూలు డ్రైవర్ విడుదలలను ఎన్‌విడియా 2025 అక్టోబరుతో ముగించింది. ఇకపై భద్రతా సవరణలే వస్తాయి. కాబట్టి 580 అంకెతో మొదలయ్యే డ్రైవర్ల దగ్గరే ఆగడం మేలు. ఆ తర్వాతి అంకెలతో మొదలయ్యేవి ఈ కార్డులనే గుర్తించవు.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కార్డయితే దాని పూర్వజన్మ సంగతి కూడా ఆలోచించాలి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం నాణేల తవ్వకం పద్ధతి ఆగిపోయాక, ఆ పనిలో ఉన్న కార్డులు పెద్ద ఎత్తున పాత బజార్లకు వచ్చాయి. తవ్వకానికి వాడిన ఆర్‌ఎక్స్ 580 వంటి కార్డుల్లో బయోస్‌నే, అంటే కార్డులో శాశ్వతంగా రాసి ఉంచిన సెట్టింగులనే మార్చేసి ఉండటం మామూలు. మెమరీ మెట్లు, ఫ్యాన్ హద్దులు అందులోనే ఉంటాయి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ దుకాణాల సముదాయం సీటీసీలోనో మరెక్కడో పాత కార్డు కొనేటప్పుడు, అక్కడే ఒక మానిటర్‌తో తగిలించి, ఐదు నిమిషాలు ఖాళీగా వదిలి, క్లాక్ అంకెలు చూపించమని అడగడంలో తప్పు లేదు. ఆట నడిపి చూడటం ఎలాగూ చేస్తారు. ఖాళీగా వదిలి చూసేవారే తక్కువ.

ఇంత చేశాక కూడా వాట్లు పదిలోపే ఉండి, గదికీ కార్డుకూ తేడా 25 డిగ్రీలు దాటుతుంటే, అప్పుడు కేబినెట్ తలుపు తీయాలి. ముందు చేయాల్సిన పరీక్ష ఆ తలుపుతోనే. దాన్ని తీసి పక్కన పెట్టి పావుగంట ఆగితే కార్డు ఏడెనిమిది డిగ్రీలు చల్లబడిందా, లోపం కేబినెట్ గాలిలో ఉంది. ముందువైపు జాలీకి పట్టిన దుమ్ము దుప్పటి, గోడకు ఆనించి పెట్టిన వెనుక భాగం, బల్ల కింద అరలో ఇరికించిన పెట్టె, వీటిలో ఏదో ఒకటి. చల్లబడకపోతే కార్డు ఫ్యాన్లను చూడాలి. కంప్యూటర్ ఆపి, రెక్కను వేలితో మెల్లగా తోస్తే అది రెండు మూడు చుట్లు జారుతూ తిరగాలి. గరగరమని వెంటనే ఆగిపోతే బేరింగ్ ఎండింది. దుమ్ము ఊదేటప్పుడు రెక్కను వేలితో పట్టుకునే ఊదాలి. బ్లోవర్ గాలికి అది తన మామూలు వేగాన్ని మించి తిరిగితే బేరింగ్ పాడవుతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్ మాత్రం వద్దు, ఆ గాలిలో నీటి తుంపరా నూనే ఉంటాయి.

చివరగా పేస్ట్. విప్పకుండానే దాన్ని పరీక్షించే దారి ఒకటుంది. కార్డును పావుగంట పూర్తి బరువు మీద నడిపి, ఉష్ణోగ్రత నిలకడకు వచ్చాక, ఆ పనిని ఒక్కసారిగా ఆపి, గ్రాఫ్‌ను చూడాలి. మొదటి రెండు మూడు సెకన్లలో గీత నిలువుగా పడిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిగా వాలుతుంది. నిలువుగా పడిన భాగం చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉన్న తేడా, అంటే పేస్ట్ అడ్డుకున్న వేడి. నెమ్మదిగా వాలేది హీట్‌సింక్ చల్లబడటం. 120 వాట్ల కార్డులో ఆ నిలువు తగ్గుదల పది, పదిహేను డిగ్రీలుంటే పేస్ట్ బాగానే ఉంది. ముప్ఫై దాటితే విప్పాల్సిందే.

విప్పే ముందు కార్డును కాసేపు నడిపి వేడెక్కిస్తే గట్టిపడిన పేస్ట్ మెత్తబడుతుంది. చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్ప్రింగ్ స్క్రూలు తీశాక హీట్‌సింక్‌ను లాగకూడదు, కుడి ఎడమలకు కొద్దిగా తిప్పుతూ విడదీయాలి. ఫ్యాన్ తీగ కార్డుకు తగిలి ఉందన్న సంగతి చాలామందికి అది తెగాకే గుర్తొస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చిప్‌ను తుడిచి, పలచగా పేస్ట్ పూసి, స్క్రూలను ఎదురెదురుగా, అరచుట్టు చొప్పున బిగించాలి. ఇక్కడ పేస్ట్ కన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైనది మెమరీ చిప్‌ల మీద ఉండే, వేడిని హీట్‌సింక్‌కు అందించే మెత్తటి థర్మల్ ప్యాడ్లతోనే. పాతవి చిరిగితే అదే మందంలో కొత్తవి వేయాలి. ఒక మిల్లీమీటర్ ఉన్నచోట ఒకటిన్నర మిల్లీమీటర్ ప్యాడ్ పెడితే అది హీట్‌సింక్‌ను పైకెత్తి పడుతుంది, చిప్‌కు సరిగా ఆనదు. అలా జరిగిందో లేదో తెలుసుకోవడానికి అదే నిలువు తగ్గుదల పరీక్షను మళ్లీ చేయాలి. కొత్త పేస్ట్ పూశాక కూడా ఆ నిలువు తగ్గుదల చిన్నది కాలేదంటే, తప్పు పేస్ట్‌లో లేదు. మళ్లీ విప్పి ప్యాడ్ల మందం కొలవాలి.